మనిషికి డే ఎండ్ ఎప్పుడు?

శాఖలో రోజు ముగియడానికి ఒక పద్ధతి ఉంది. క్యాషియర్ నోట్లు లెక్కపెట్టి, డినామినేషన్ రాసి, సిస్టమ్ చూపించే బ్యాలెన్స్‌తో సరిచూస్తాడు. సరిపోతే డబ్బు సేఫ్‌లోకి వెళ్తుంది. రెండు తాళాలు, ఇద్దరు మనుషులు. వంద రూపాయలు తేడా వచ్చినా అది ఎక్కడుందో తేలేదాకా ఎవరూ కదలరు. తేలాక మాత్రం ఆ రోజు అక్కడితో సరి. తర్వాత డే ఎండ్ నడుస్తుంది, మర్నాడు సిస్టమ్ కొత్త తేదీతో తెరుచుకుంటుంది.

అదే శాఖలో క్రెడిట్ టేబుల్ దగ్గర కూర్చున్న ఇరవై ఆరేళ్ల ఆఫీసర్‌కి ఇలాంటి ముగింపు ఏదీ లేదు. ఒక క్యాష్ క్రెడిట్ రెన్యువల్‌కి స్టాక్ స్టేట్‌మెంట్ రావాలి. ఒక హౌసింగ్ లోన్‌కి లాయర్ గారి ఒపీనియన్ రావాలి. ఎస్‌ఎమ్‌ఏ-2లో ఉన్న ఖాతా ఒకటి మరో నాలుగు రోజుల్లో 90 రోజులు దాటబోతోంది, ఖాతాదారు ఫోన్ ఎత్తడం లేదు. వీటిలో ఏదీ సాయంత్రానికి టాలీ అయ్యేది కాదు. ఏడున్నరకు షట్టర్ దించినా అవన్నీ ఆ అమ్మాయితో పాటే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కుతాయి. కూకట్‌పల్లి హాస్టల్ దాకా వెళ్తాయి.

ఒత్తిడి గురించి మాట్లాడినప్పుడల్లా మనం గంటలు లెక్కపెడతాం. గంటలు ముఖ్యమే, కాదనను. కానీ ఇరవై ఏళ్ల సర్వీసులో నేను గమనించింది వేరు. క్యాష్ తేడా వచ్చి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరిన క్యాషియర్, అది దొరికిపోతే హాయిగా నిద్రపోతాడు. ఆరింటికే బయటపడిన క్రెడిట్ ఆఫీసర్ మాత్రం పన్నెండింటికి కూడా పైకప్పు చూస్తూ పడుకుంటాడు. చేసిన పని కంటే, తేలకుండా తలలో ఉండిపోయిన పనే మనిషిని ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది.

మనస్తత్వ శాస్త్రంలో దీని మీద పాత చర్చే ఉంది. బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు 1927లో ఒక అధ్యయనం ప్రచురించారు. పూర్తి చేసిన పనుల కంటే మధ్యలో ఆపించిన పనులే మనుషులకు బాగా గుర్తుంటున్నాయని ఆమె చూశారు. తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు. అయినా సగంలో ఆగిన పని మనసును ఎలా పట్టుకుంటుందనే ప్రశ్న ఆగలేదు. మనకు పనికొచ్చే ముక్క 2011లో వచ్చింది. మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో, పని పూర్తి చేయకపోయినా, దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా అనుకున్నవాళ్లకు ఆ పని అడ్డొచ్చి తలలో తిరగడం తగ్గింది. అంటే మనసు అడిగేది పని పూర్తి కావడం ఒక్కటే కాదు, దానికో చోటు దొరికిందన్న భరోసా కూడా.

2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ వాళ్లు 57 మంది యువతీ యువకులతో ఒక చిన్న ప్రయోగం చేశారు. పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు కొందరు తాము చేయాల్సిన పనులు రాశారు, కొందరు అయిపోయిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. చిన్న ప్రయోగమే, దాని మీద పెద్ద మేడ కట్టనక్కర్లేదు. కానీ ఖర్చు ఒక కాగితం, ఐదు నిమిషాలు. ఏ క్రెడిట్ కమిటీ అయినా శాంక్షన్ చేస్తుంది.

శాఖలో మేం దీన్ని కొంచెం మార్చుకున్నాం. పడుకునే ముందు కాకుండా, సీట్లోంచి లేచే ముందు రాస్తాం. ఊరికే 'రెన్యువల్ పెండింగ్' అని రాస్తే లాభం లేదు, అది గుర్తుచేసి భయపెడుతుందంతే. 'స్టాక్ స్టేట్‌మెంట్ కోసం రేపు పదకొండింటికి అకౌంటెంట్‌కి ఫోన్. రాకపోతే మధ్యాహ్నం యూనిట్‌కి వెళ్లాలి' అని రాయాలి. మన చేతిలో లేనివి విడిగా, ఎవరి దగ్గర ఆగిందో వాళ్ల పేరుతో రాయాలి. ఆ రెండో జాబితాయే అసలు మందు. లాయర్ గారి దగ్గర ఉన్న ఒపీనియన్‌ని రాత్రంతా మనం మోయడం ఎందుకు? మొదట్లో పిల్లలు ఇదో కొత్త రిటర్న్ అనుకుని మొహం ముడిచారు. ఎవరికీ చూపించక్కర్లేదు, ఎవరూ అడగరు అన్నాక రాయడం మొదలుపెట్టారు. చూపించమని అడిగిన రోజున అది ఇంకో స్టేట్‌మెంట్ అయిపోతుందని మేనేజర్లకు మనవి.

దీన్నంతా చెడగొట్టేది వాట్సాప్. రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో శాఖలవారీ ఇన్సూరెన్స్ లాగిన్ల పట్టిక వస్తుంది, మన శాఖ ఎరుపు రంగులో ఉంటుంది. ఆ వేళప్పుడు దానికి ఎవరూ ఏమీ చేయలేరు. మూసిన పుస్తకాన్ని మళ్లీ తెరిచి చూపించడం తప్ప ఆ మెసేజ్‌తో ఒరిగేది ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సరిగ్గా అప్పుడే ఊళ్లోంచి అమ్మ ఫోన్ చేసి 'తిన్నావా నాన్నా' అంటుంది. కుర్రాడు 'ఆఁ' అని పెట్టేస్తాడు. హాస్టల్ సాంబారు చల్లారిపోతుంది, బకెట్లో నానేసిన బట్టలు మర్నాటికి వాయిదా పడతాయి. పట్నంలో ఒంటరిగా ఉండే ఉద్యోగికి రోజువారీ జీవితం అంటే పెద్ద విషయాలు కావు, ఇవే. ఒత్తిడి ముందుగా తినేసేదీ వీటినే. మా శాఖ గ్రూపులో రాత్రి ఎనిమిది తర్వాత మోసం, ఏటీఎం సమస్య లాంటివి తప్ప ఇంకేవీ పెట్టకూడదని అనుకున్నాం. పైనుంచి వచ్చేవాటిని నేను చూసుకుని పొద్దున్నే ఫార్వర్డ్ చేస్తాను. దీనివల్ల బిజినెస్ ఏమీ ఆగలేదు.

ఎంబీఏలో పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసిన పేరు ఒకటి మేనేజర్ అయ్యాక మళ్లీ గుర్తొచ్చింది, రాబర్ట్ కరాసెక్. పని ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని కుంగదీయదని, పని ఎక్కువై దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువైనప్పుడే దెబ్బ గట్టిగా తగులుతుందని ఆయన 1979లో ప్రతిపాదించాడు. మన యువ ఆఫీసర్ల కుర్చీ సరిగ్గా అక్కడే ఉంది. టార్గెట్ వాళ్లు పెట్టుకున్నది కాదు, వడ్డీ రేటు వాళ్ల చేతిలో లేదు, ట్రాన్స్‌ఫర్ అసలే లేదు. మేనేజర్ ఇవ్వగలిగేది చిన్నదే. ఇన్‌స్పెక్షన్‌కి ఏ రోజు వెళ్లాలో, ఏ రెండు గంటలు కౌంటర్ వైపు చూడకుండా అప్రైజల్ రాసుకోవాలో వాళ్లనే తేల్చుకోనివ్వడం. చిన్నదే కానీ తేడా కనిపిస్తుంది.

ఇక సెలవు. 'నేను లేకపోతే శాఖ ఆగిపోతుంది' అనుకునే పిల్లలకు ఒక సర్క్యులర్ చూపిస్తుంటాను. ట్రెజరీ, కరెన్సీ చెస్ట్ వంటి సున్నితమైన స్థానాల్లో ఉన్నవారిని ఏటా ఒకే విడతగా కనీసం 10 పనిదినాలు, ముందుగా చెప్పకుండా, తప్పనిసరి సెలవు మీద పంపాలని రిజర్వ్ బ్యాంక్ 2021 జూలైలో చెప్పింది. ఆ రోజుల్లో అంతర్గత ఈమెయిల్ తప్ప పనికి సంబంధించిన సిస్టమ్ ఏదీ వాళ్లకు అందుబాటులో ఉండకూడదు. దాని ఉద్దేశం మోసాలను పసిగట్టడం, విశ్రాంతి కాదు. అయితే ట్రెజరీయే పది రోజులు మనిషి మారినా నడుస్తుందని నియమమే ఒప్పుకుంటున్నప్పుడు, రెండు రోజుల క్యాజువల్ లీవ్‌కి మన శాఖ కూలిపోదు. సెలవులో ఉన్నవాళ్లకు 'ఒక్క చిన్న డౌట్' అని ఫోన్ చేయకుండా ఉండటం మాత్రం మిగతావాళ్ల బాధ్యత.

ఇవన్నీ ఎక్కడిదాకా పనిచేస్తాయో కూడా చెప్పాలి. ఇద్దరి పని ఒకరి మీద పడితే ఏ కాగితమూ కాపాడదు. అక్కడ కావాల్సింది మనిషి, జాబితా కాదు. ఆ మాట రీజినల్ ఆఫీసుకు లిఖితపూర్వకంగా చెప్పాల్సింది మేనేజరే. అలాగే వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఉదయం శాఖ పేరు తలచుకుంటేనే కడుపులో తిప్పడం, ఇష్టమైన తిండి, స్నేహితులు కూడా రుచించకపోవడం ఉంటే అది డైరీతో తీరేది కాదు, డాక్టర్‌ని కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మా శాఖ లంచ్ రూమ్‌లో ఫైర్ స్టేషన్ నంబర్ పక్కనే దాన్నీ అతికించాం.