వినికిడి పోతే పథకం ఉంది, శబ్దమే బాధైతే?



మిక్సీ మోగగానే చెవులు మూసుకుని ఏడ్చే పిల్లవాణ్ణి చూసి "మొండివాడు" అంటాం. పక్కవారు నమిలే చప్పుడు భరించలేక భోజనం మధ్యలో లేచిపోయే అమ్మాయికి "పొగరు" అంటాం. ఈ రెండు బాధలకూ వైద్యంలో పేర్లున్నాయి. మామూలు శబ్దాలు సైతం చెవికి నొప్పిగా, భరించలేనంత బిగ్గరగా తోచడం హైపరెక్యూసిస్. నమలడం, ముక్కు ఎగపీల్చడం వంటి కొన్ని శబ్దాలకే పట్టరాని కోపం, జుగుప్స కలగడం మిసోఫోనియా. ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా చాలామంది శబ్దాలను తట్టుకోలేరు.

వీటి నుంచి ఉపశమనం ఉంది. హైపరెక్యూసిస్ ఉన్నవారికి ఆడియాలజిస్టులు మెల్లని శబ్దాలతో మొదలుపెట్టి చెవిని క్రమంగా అలవాటు చేస్తారు. భయాన్ని, కోపాన్ని అదుపు చేసుకునే మార్గాలు మనస్తత్వ నిపుణులు నేర్పుతారు. ఎప్పుడూ చెవుల్లో దూది పెట్టుకుని ఉండడం మాత్రం మంచిది కాదు; దానివల్ల బాధ ఇంకా పెరగవచ్చు. ఈ చికిత్సకు నెలల తరబడి వెళ్లిరావాలి.

చిక్కంతా అక్కడే ఉంది. మన ఆరోగ్య పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరేవారి కోసం ఏర్పడినవి. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం అర్హులైన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఖర్చు భరిస్తుంది, కానీ ఓపీ చికిత్సకు వర్తించదు. ఆరోగ్యశ్రీ ద్వారా చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు జరిగాయి. అది గొప్ప మేలు. శబ్దాన్ని భరించలేని బిడ్డకు ఆపరేషన్ లేదు, ఆసుపత్రి మంచం అవసరం లేదు. అందుకే పథకం లెక్కలోకి రాడు. కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని తిరిగే తల్లి కొన్ని వారాలకే ఆగిపోతే తప్పు ఆమెది కాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. వినికిడి లోపం, ఆటిజం అందులో ఉన్నాయి. హైపరెక్యూసిస్, మిసోఫోనియా పేర్లు లేవు.

అయినా తట్టదగిన తలుపులు రెండున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచిత పరీక్షలు చేస్తారు. అవసరమైన పిల్లలను జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. అంగన్‌వాడీ కార్యకర్తనో, ఆశా కార్యకర్తనో అడగండి. ఆటిజం ధ్రువపత్రం ఉంటే నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో చేరవచ్చు. అది లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. అందులో ఓపీ వైద్యానికి, థెరపీకి కూడా చోటుంది.

హైపరెక్యూసిస్, మిసోఫోనియా మాత్రమే ఉన్నవారికి ఆ రెండో తలుపు కూడా మూసే ఉంది. కనుక మీ శాసనసభ్యులను కలిసినప్పుడు ఒక్క మాట స్పష్టంగా అడగండి: ఓపీలో జరిగే థెరపీని ఆరోగ్య పథకంలో చేర్చండి. ఈలోగా అలాంటి కుటుంబం మీ సంఘంలో ఉంటే దారి ఖర్చులకు తోడ్పడండి. ఆరాధనలో వారిని స్పీకర్లకు దూరంగా కూర్చోబెట్టండి, అవసరమైతే శబ్దం తగ్గించండి. మన సహాయం ప్రభుత్వ బాధ్యతకు బదులు కాదు. అది నెరవేరేవరకు ఆ బిడ్డ చికిత్స ఆగకుండా చూడడానికే.