రాత్రి డ్యూటీలో ఎంతమంది?

వృద్ధాశ్రమాల మీద ముఖచిత్ర కథనం అనగానే పత్రికాఫీసులో తయారయ్యే జాబితా ఊహించడం కష్టం కాదు. విదేశాల్లో పిల్లలు, ఊళ్లో ఒంటరి తల్లిదండ్రులు, నగర శివార్లలో కొత్తగా లేస్తున్న ఖరీదైన హోములు, చేర్చేముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు. ఈ కథనం కూడా ఆ జాబితాతోనే, దగ్గర పడుతున్న గడువుతోనే మొదలైంది. కానీ ముందేసుకున్న కాగితాల్లో ఒక చిన్న షెడ్యూలు మిగతావాటన్నిటినీ పక్కకు నెట్టేసింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చాక కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నియమాల చివర ఉంటుందది. నిరుపేద వృద్ధుల కోసం సర్కారు పెట్టే హోము ఎలా ఉండాలో అందులో రాశారు.

రాసినవారు నిర్లక్ష్యంగా రాశారని ఎవరూ అనలేరు. పడకగదిలో గానీ డార్మిటరీలో గానీ మనిషికి 7.5 చదరపు మీటర్లు. వంటగది, భోజనశాల, వైద్యగది కలుపుకుని మనిషికి 12 చదరపు మీటర్లు. వరండాలు, నడవాలు ఈ లెక్కలోకి రావని కూడా తేల్చి చెప్పారు. తాగునీరు, కరెంటు, ఫ్యాన్లు, టీవీ, దినపత్రికలు, తగినన్ని పుస్తకాలు, జబ్బుపడినవారికి వేరే గది, ర్యాంపులు, పట్టుకుని నడవడానికి కమ్మీలు, అవసరమైనచోట లిఫ్టు, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రితోనూ పోలీస్ స్టేషన్‌తోనూ ముందస్తు ఏర్పాటు, అన్నీ ఉన్నాయి. నియమాల్లో ఇంకా ముచ్చటైన సంగతులు కనిపిస్తాయి. మంచాలు తక్కువై దరఖాస్తులు ఎక్కువైతే కటిక పేదలకు, మరీ పెద్ద వయసువారికి, ఆడవారికి ముందు చోటివ్వాలి. చదువురానివారిని, బాగా ముసలివారిని దరఖాస్తు లేకుండానే చేర్చుకోవచ్చు. రోజువారీ వ్యవహారాలు చూసే కమిటీలో అక్కడ ఉండే పెద్దలకూ స్థానం ఉండాలి. ఇంత ఆలోచించినవారు ఒక్కటి రాయలేదు. ఇన్ని మంచాలకు ఎంతమంది పనిచేయాలి, రాత్రిపూట ఎంతమంది మేలుకుని ఉండాలి అన్నది ఆ షెడ్యూలులో లేదు.

గదులకు కొలతలు పెట్టి మనుషులకు లెక్క పెట్టని ప్రమాణాన్ని భద్రతా ప్రమాణం అనడం కుదరదన్నదే ఈ కథనం వాదన. వృద్ధాశ్రమంలో ప్రాణం మీదికి వచ్చేది గది ఇరుకై కాదు, సమయానికి దగ్గర మనిషి లేక. నిద్రమాత్ర మత్తు, లేచి నిలబడగానే పడిపోయే బీపీ, చాలీచాలని వెలుతురు, తడి నేల, ఇవన్నీ ఒకచోట కలిసేది అర్ధరాత్రి బాత్రూం దారిలో. కమ్మీ ఉంటే మంచిదే, కానీ కళ్లు తిరిగిన మనిషి కమ్మీని పట్టుకోలేడు. మంచం దిగలేనివారి సంగతి మరీ కష్టం. వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సింగులో మొదట్లోనే నేర్పుతారు. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం చితికి పుండ్లు పడతాయి. ఒక హోములో అలాంటివారు ఆరుగురే అనుకుందాం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు వరకు ఒక్కొక్కరిని ఐదుసార్లు తిప్పాలి, మొత్తం ముప్పైసార్లు. తడిసిన బట్ట మార్చి, ఒళ్లు తుడవడంతో కలిపి ఒక్కోసారికి పది నిమిషాలు వేసుకున్నా ఐదు గంటలు. బరువైన మనిషిని ఒక్కరే తిప్పలేరు కాబట్టి అది ఇద్దరి ఐదు గంటలు. ఈలోగా పై అంతస్తులో ఎవరో మంచినీళ్లకు పిలుస్తుంటారు, మతిమరుపు జబ్బున్న మరొకరు గేటు దగ్గర నిలబడి ఇంటికెళ్తానంటుంటారు.

ఈ పనంతా ఒక్క ఆయా మీద పెట్టి ‘ఇరవై నాలుగు గంటల సంరక్షణ’ అని బోర్డు కట్టేవాళ్లను తప్పుపట్టడం తేలికే. ఆ బోర్డు నిజమో కాదో తేల్చే కొలబద్ద మాత్రం ఏ అధికారి చేతిలోనూ లేదు. ఒక చోట రాత్రింబవళ్లు ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాలంటే వారానికి 168 గంటలు కావాలి. మనిషి పని వారానికి 48 గంటలైతే అందుకు మూడున్నర మంది కావాలి. సెలవులు, జ్వరాలు, పండగలు కలిపితే నలుగురు. ‘మా దగ్గర పన్నెండు మంది స్టాఫ్’ అని మేనేజరు గర్వంగా చెప్పే హోములో ఆ మేనేజరును, వంటవాళ్లిద్దరిని, వాచ్‌మన్‌ను, స్వీపర్లిద్దరిని, డ్రైవరును తీసేస్తే పెద్దల ఒంటిమీద చెయ్యి వేసేవాళ్లు ఐదుగురు మిగులుతారు. అంటే ఏ ఘడియలో వెళ్లి చూసినా ఒకరు, మహా అయితే ఇద్దరు. ఆ లోటు పూడేది పన్నెండు గంటల డ్యూటీలతో, రాత్రి చేసినవాళ్లే పగలూ చేసే డబుల్ డ్యూటీలతో. బ్రోచరులో తులసికోట ఫొటో ఉంటుంది, డ్యూటీ చార్టు ఉండదు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో రెండు ఉదంతాలు చెబుతాయి. 2023 జనవరి 1న, ఇంకా తెల్లవారకుండానే, ఢిల్లీలోని గ్రేటర్ కైలాష్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో మంటలు లేచి ఇద్దరు వృద్ధ మహిళలు చనిపోయారు. అది పేదల ఆశ్రమం కాదు. తమంతట తాము లేవలేనివారున్న చోట అగ్నిమాపక పరికరం ఎంత ముఖ్యమో, ఎత్తుకుని బయటికి తెచ్చే చేతులు అంతకన్నా ముఖ్యం. అంతకు మూడేళ్ల ముందు, 2020 జనవరిలో, హైదరాబాద్ శివారు నాగారంలో అనుమతి లేకుండా నడుస్తున్న ఆశ్రమంలో గొలుసులతో కట్టేసిన వృద్ధులు, మానసిక రోగులు పోలీసుల కంటపడ్డారు. ఆ వార్త చదివి అందరం క్రూరత్వం అన్నాం. క్రూరత్వమే. కానీ ఖర్చు కోణం నుంచి చూస్తే గొలుసు జీతం అడగని కాపలా, మోతాదు మించిన నిద్రమాత్ర సెలవు అడగని ఆయా. మనుషుల సంఖ్య తగ్గినచోటల్లా ఈ రెండూ పొంచి ఉంటాయి.

మన సర్కార్లకు సిబ్బంది లెక్క రాయడం చేతకాక కాదు. బాలల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాలు వంద మంది పిల్లలుండే హోముకు సూపరింటెండెంటు నుంచి హౌస్ మదర్, నర్సు, వంటమనిషి దాకా ఎవరెంతమంది ఉండాలో పట్టిక వేసి ఇచ్చాయి. రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లల హోము నడిపితే ఏడాది దాకా జైలు గానీ, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. పిల్లలూ వృద్ధులూ ఒకటే అనడం నా ఉద్దేశం కాదు. అసలు అలా అనేవారంటే నాకు గిట్టదు. కానీ తనంతట తాను బయటికి వెళ్లలేని, ఫిర్యాదు చేస్తే ఆ పూట అన్నం ఎవరు పెడతారోనని జంకే మనిషికి చట్టం అండ ఒకే స్థాయిలో ఉండాలి. కేంద్రం గ్రాంటుతో నడిచే చిన్న హోములకు పథకంలో పోస్టులు, గౌరవ వేతనాలు రాసి ఉన్నాయి కదా అనవచ్చు. అవి గ్రాంటు లెక్కలు. గ్రాంటు తీసుకోని హోమును అవి తాకవు.

చరిత్ర అడిగేవారికి క్లుప్తంగా: 1882లో కలకత్తాలో వృద్ధాశ్రమాలు నడిపే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సంస్థ అడుగుపెట్టింది. 1992లో కేంద్రం వృద్ధాశ్రమాలకు గ్రాంట్ల పథకం తెచ్చింది. 1999లో జాతీయ విధానం, 2007లో చట్టం, 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నియమాలు వచ్చాయి. ఈలోగా వయసు లెక్కలు ఆగలేదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో అరవై దాటినవారు 10.38 కోట్లు. 2021 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వారి వాటా 12.4 శాతమని అంచనా వేశారు. 2007 చట్టంలోని 19వ సెక్షన్ నిరుపేద వృద్ధులకు జిల్లాకు కనీసం ఒక హోము, 150 మందికి చాలేలా పెట్టవచ్చంటుంది, పెట్టి తీరాలనదు. ఏ జిల్లాలో ఎన్ని హోములున్నాయో రాష్ట్రాల నుంచి వివరాలు తెప్పించమని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టే కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది.

సిబ్బంది సంఖ్యకు కనీస హద్దు గీయాలనగానే వచ్చే మొదటి అభ్యంతరం డబ్బు. విరాళాల మీద నడిచే చిన్న ఆశ్రమాలు మూతపడతాయి, ఉన్న గూడూ పోతుంది అంటారు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. అందుకే లెక్క మంచాలను బట్టి కాక మనిషి అవసరాన్ని బట్టి ఉండాలి. తనపని తాను చేసుకునేవారు, సాయం ఉంటే చేసుకునేవారు, మంచం దిగలేనివారు అని మూడు తరగతులు వేస్తే, ఆరోగ్యంగా ఉన్న ఇరవై మందికి అన్నం పెట్టే ఆశ్రమం మీద ఆసుపత్రి భారం పడదు. మూడో తరగతివారిని చేర్చుకోవాలంటే మాత్రం రాత్రికి ఇద్దరు మేలుకుని ఉండాలి. నిరుపేదల విషయంలో ఆ జీతం సర్కారు ఇవ్వాలి. అది కుదరకపోతే అలాంటివారిని చేర్చుకోకపోవడమే నయం. ఇంట్లో కోడలో కూతురో ఏ నిష్పత్తీ లేకుండానే చూసుకోవడం లేదా అని ఇంకొందరంటారు. ఇంట్లో నిష్పత్తి ఒకరికి ఒకరు, దానికి ఆ ఒకరి నడుము అరిగిపోతుంది. నలభై మందిని ఒకచోట చేర్చి నెలనెలా డబ్బు తీసుకునేచోట ఆ పోలిక చెల్లదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది. అంకె పెడితే రిజిస్టరులో పేర్లు పెరుగుతాయి, మంచాల దగ్గర మనుషులు కాదు. నిజమే, ఉపాధి పనుల మస్టర్ రోళ్లు చూసినవాళ్లం. కాబట్టి అంకెతో పాటు దాన్ని గేటు దగ్గర రాసిపెట్టే నియమమూ కావాలి. ఈ షిఫ్టులో ఎవరెవరున్నారు, వారిలో నర్సు ఎవరు అన్నది వచ్చే బంధువుకు కనబడితే, అధికారి రాత్రి రెండింటికి తనిఖీకి రాకపోయినా అబద్ధం ఎక్కువకాలం నిలవదు. సీసీ కెమెరాలు, పిలుపు గంటలు ఉన్నాయి కదా అనేవారికి జవాబు చిన్నది. కెమెరా పడిపోవడాన్ని రికార్డు చేస్తుంది, లేవదీయదు.

పరాయి దేశాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు నుంచి వృద్ధుల కేర్ హోములు సగటున ఒక్కొక్కరికి రోజుకు 215 నిమిషాల సంరక్షణ ఇవ్వాలి. అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సుల కింద లెక్క. రాత్రీ పగలూ నర్సు ఉండాలన్న నియమం 2023 జూలై నుంచే ఉంది. ఆ నిమిషాల లెక్క జనం చూసే స్టార్ రేటింగులోకీ ఎక్కుతుంది. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగువారు అక్కడి ముసలివారికి ఈ లెక్క ఉండటం చూస్తూ, గుంటూరులోనో హైదరాబాదులోనో తల్లిని చేర్చేటప్పుడు ఆ ప్రశ్న అడగరు. అమెరికా కథ ఇందుకు భిన్నం. 2024లో అక్కడి కేంద్ర ప్రభుత్వం నర్సింగ్ హోముల్లో ఒక్కొక్కరికి రోజుకు 3.48 గంటల సంరక్షణ, ఇరవై నాలుగు గంటలూ నర్సు ఉండాలంది. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. చట్టంలో రోజుకు ఎనిమిది గంటల నర్సు అని ఉండగా శాఖ తనంతట తాను ఇరవై నాలుగు చేయడం అధికారాన్ని మించడమేనన్నది అందులో ప్రధానమైన వాదన.

మన రాష్ట్రాలు ఆ తీర్పును జాగ్రత్తగా చదవాలి. 19వ సెక్షన్ కింద సర్కారు పెట్టే హోములకు సిబ్బంది పట్టిక రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. నిర్వహణ ప్రమాణాలు నిర్ణయించే అధికారం ఆ సెక్షన్‌లోనే రాష్ట్రానికి ఉంది, జీవో చాలు. డబ్బు తీసుకునే ప్రైవేటు హోములను అదే జీవోతో కట్టడి చేయబోతే మాత్రం కోర్టులో నిలవడం అనుమానమే. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ప్రైవేటు హోములకూ రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తెస్తానంది. పదిహేడో లోక్‌సభతో పాటే అదీ మురిగిపోయింది. అదే ఏడాది కేంద్ర గృహనిర్మాణ శాఖ ఇచ్చిన రిటైర్మెంట్ హోముల మార్గదర్శకాలు బిల్డరు జారని టైల్స్ వేయాలని చెప్పగలవు గానీ ఆయాకు రాత్రి తోడు పెట్టించలేవు. మళ్లీ బిల్లు వస్తే చూడాల్సింది ఒక్క పంక్తే: మంచం దిగలేనివారు ఇంతమందికి రాత్రి ఇంతమంది అన్న అంకె చట్టం షెడ్యూలులోనే ఉందా, లేక ‘తర్వాత నిర్ణయిస్తారు’ అని వదిలేశారా?

కథనంలో ఇమడనివి

చేర్చేముందు గది కన్నా ముందు గత నెల డ్యూటీ చార్టు చూపించమనండి. ఆదివారం రాత్రి ఎవరున్నారో వేలు పెట్టి అడగండి. మంచాన పడితే ఉంచుకుంటారా, తీసుకెళ్లమంటారా అన్నది ఒప్పంద పత్రంలో రాయించుకోండి. 2007 చట్టం కింద ట్రిబ్యునల్ పిల్లల నుంచి ఇప్పించే పోషణ ఖర్చు నెలకు 10,000 రూపాయలు మించదు. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని మాట తప్పితే 23వ సెక్షన్ కింద ఆ బదిలీ రద్దు చేయించుకోవచ్చు. వృద్ధులను వదిలేసినవారికి మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14567.