కారు కొంటారా? అయితే ఒక్క మాట!

మన వాళ్ళు కారు కొనదలచినప్పుడు ముందు రంగు నిర్ణయిస్తారు. తరువాత ముహూర్తం నిర్ణయిస్తారు. ఆపైన బ్యాంకుకు నెల నెలా కట్టవలసిన వాయిదా ఎంతో లెక్క వేస్తారు. ఇవన్నీ అయిన తరువాత, తీరుబడి ఉంటే, కారు సంగతి ఆలోచిస్తారు!

కార్లంటే నాకు చిన్ననాటి నుంచీ పిచ్చి. ఈ సంగతి ఎరిగిన బంధుమిత్రులు బండి కొనేముందు నన్ను సలహా అడుగుతూ ఉంటారు. అడిగి, తరచుగా నేను వద్దన్నదే కొంటూ ఉంటారు. అయినా సలహాలివ్వటం నేను మానలేదు.

వెనకటి రోజుల్లో ఈ చిక్కే లేదు. అంబాసిడరు, ఫియట్, స్టాండర్డు హెరాల్డు — వీటిలో ఏది దొరికితే అదే మహాప్రసాదం. డబ్బు కట్టి సంవత్సరాల తరబడి కాచుకోవటమే పని. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత గదా, మధ్యతరగతి వారి వాకిట్లో కూడా కారు నిలిచింది! 2014లో ఆ బండి తయారీ ఆగింది. ఆ ఏడే ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ కూడా ఆగిపోయింది. ఇప్పుడు బజారుకు వెడితే ఏది కొనాలో తోచక మతి పోతుంది.

అసలు కొనాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. షోరూములో చెప్పే ధర ఒక్కటే ధర కాదు. ఏటేటా ఇన్స్యూరెన్సు ఉన్నది, సర్వీసు ఉన్నది, కొన్నేళ్ళకు టైర్లున్నాయి. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే బండిని నెలకు 1,000 కిలోమీటర్లు తిప్పితే, పెట్రోలు లీటరు నూరు రూపాయలనుకున్నా, 6,700 రూపాయలు దానికే పోతాయి. ఆదివారం గుడికీ, ఏడాదికి రెండు పెళ్ళిళ్ళకూ అయితే అద్దె కారే నయమని నా అభిప్రాయం. ఇంటి ముందు బండి ఉంటే పరువంటారా? ఆ పరువుకు నెలసరి ఖరీదెంతో తెలుసుకుని మరీ కొనండి.

పాత కారు కొనటంలో తప్పు లేదు. అయితే తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి మీరే స్టార్టు చేయించి చూడండి. ముందే వేడి చేసి ఉంచిన బండి తన రోగం చెప్పదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారయిందన్న మాట. కొత్త కారని చెప్పే బండికి ముసలి టైర్లుంటే సంగతేమిటో అడగవలసిందే.

కొనేవారి కంటె అమ్మేవారు ఎక్కువ జాగ్రత్త పడాలి. నాకు తెలిసిన మేష్టారొకాయన పాత కారు బ్రోకరుకు ఇచ్చి, డబ్బు తీసుకుని, కాగితాల పని అతనే చూసుకుంటాడులే అని ఊరుకున్నారు. రెండేళ్ళ తరువాత ఎవరో ముక్కూ మొహం ఎరుగని మనిషి ఆ బండితో చేసిన ప్రమాదానికి కోర్టు నోటీసు మేష్టారి గుమ్మంలో వాలింది! సి-బుక్కులో ఎవరి పేరుంటే వారే యజమాని అనీ, నష్టపరిహారం బాధ్యత వారిదే అనీ 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంచేత 29, 30 నంబర్ల ఫారాలు పూర్తయి పేరు మారేదాకా మీ కారు అమ్ముడు పోనట్లే లెక్క.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, ప్రాణం. మా బావగారు కారు కొంటానంటే తోడు వెళ్ళాను. ఆయన పై కప్పు తెరుచుకుంటుందా, పాటలు ఎట్లా వినిపిస్తాయి అని అడిగారు గాని, ఈ బండికి నక్షత్రాలెన్ని అని అడగలేదు. మన దేశంలో 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష ఉన్నది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారును అడ్డుకు గుద్దించి, లోపలి బొమ్మ మనుషులకు తగిలిన దెబ్బలు కొలిచి, ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు వేస్తారు. పెద్దలకు వేరు, పిల్లలకు వేరు. ఒక మాట మరవకండి: ఆ బొమ్మలకు బెల్టులు కట్టి ఉంటాయి. బెల్టు లేని మనిషికి ఆ నక్షత్రాలు వర్తించవు.

మూడు చోట్ల పట్టి ఉంచే ఈ బెల్టును 1959లో స్వీడనులో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ తెచ్చాడు. కంపెనీ వారు దానిని అందరూ వాడుకోవచ్చునన్నారు. అయినా 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో పోయిన 1,68,491 మందిలో 16,715 మంది బెల్టు పెట్టుకోనివారు. అందులో సగం మంది డ్రైవర్లు కారు, ప్రయాణికులు. ఆ సెప్టెంబరులోనే పాల్ఘర్ వద్ద సైరస్ మిస్త్రీగారు పోయినప్పుడు ఆయన వెనుక సీటులో ఉన్నారు, బెల్టు లేదని పోలీసులు చెప్పారు. వెనుక కూర్చున్న మనిషికి బెల్టు లేకపోతే ముందున్న వాళ్ళ మీద కూడా బస్తాలాగా వచ్చి పడతాడు.

మా మేనకోడలు ఏడాది పిల్లను ఒళ్ళో పెట్టుకుని ముందు సీటులో కూర్చునేది. “నా చేతుల్లో కంటె భద్రమైన చోటు ఏదండీ మామయ్యా?” అన్నది. లెక్క వేసి చూపించాను. యాభై కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేన్నో గుద్దుకుని అరమీటరులో ఆగిందనుకో, పది కిలోల పిల్ల సుమారు రెండు వందల కిలోల బరువై ముందుకు లాగుతుంది. ఏ తల్లి చేతులు ఆపగలవు? పైగా ముందు సీటులో గాలిసంచి విచ్చుకుంటే దెబ్బ పిల్లకే.

“పిల్లసీటులో పెడితే ఏడుస్తుందండీ!”

“ఏడవనీ అమ్మా. ఏడ్చే పిల్ల క్షేమంగా ఉన్న పిల్లే.”

రెండు నెలలు నాతో మాట్లాడలేదు. పిల్లసీటు మాత్రం కొన్నది.

వేగం సంగతీ చెప్పాలి. హైదరాబాదు నుంచి బెజవాడ సుమారు 275 కిలోమీటర్లు. దారి పొడుగునా అడ్డు లేదనుకున్నా, ఎనభైకి బదులు నూరుతో వెడితే మిగిలేది నలభై నిమిషాలు. గుద్దుకుంటే దెబ్బలోని శక్తి మాత్రం ఒకటిన్నర రెట్లకు పైమాటే. నూరులో ఒక్క సెకను పరధ్యానపడితే బండి 28 మీటర్లు దాటిపోతుంది. ఆ నలభై నిమిషాలూ సూర్యాపేటలో కాఫీ తాగుతూ గడపటం మేలు కాదా?

ముహూర్తం పెట్టించండి, కొబ్బరికాయ కొట్టండి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించండి, నేను కాదనను. అయితే బండి ఇంటికి రాగానే సీట్లకు తొడిగిన ఆ మెరుగు కవర్లు ఒకసారి ఎత్తి చూడండి. వెనుక సీటు బెల్టు బకిల్ వాటి కింద ఎక్కడో కూరుకుపోయి ఉంటుంది. దానిని వెతికి పైకి తీసి, ఆ తరువాత అమ్మగారిని ఎక్కమనండి.