చైనే కదా అని తీసిపారేయకండి!

'క్వాడ్‌కి ఏ చైన్ వాడారు?'
'520, సర్.'
'520 అంటే?'

నా మొదటి ఇంటర్వ్యూ అక్కడే ఆగిపోయింది. రెజ్యూమెలో 'ఆఫ్‌రోడ్ క్వాడ్ బైక్ డిజైన్, తయారీ' అని బోల్డ్ అక్షరాల్లో రాసుకున్నా. చైన్ మాత్రం షాపతను ఇచ్చింది తెచ్చి బిగించాం. ఆ నంబర్‌కి అర్థం ఏంటో టీమ్‌లో ఒక్కరమూ అడగలేదు. ఉద్యోగం రాలేదు కానీ పాఠం వచ్చింది. ఆ పాఠం మీకు ఇంటర్వ్యూకి ముందే అందాలని ఇది రాస్తున్నా.

ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో 2007లో మొదలైన బాజా ఎస్‌ఏఈ ఇండియా లాంటి పోటీలకు హైదరాబాద్, వరంగల్ కాలేజీల జట్లూ వెళ్తుంటాయి. అలాంటి పోటీ చేసినా, కాలేజీ వర్క్‌షాప్‌లో సొంతంగా క్వాడ్ కట్టినా ఇంటర్వ్యూలో ప్రశ్నలు వచ్చేది ఫొటోల మీద కాదు. 'ఈ పార్ట్ ఎందుకు ఎంచుకున్నారు?' అనే దాని మీదే.

నంబర్‌లోనే కొలత

చైన్‌లో ఒక పిన్ మధ్య నుంచి పక్క పిన్ మధ్యకు ఉన్న దూరం పిచ్. నంబర్‌లో మొదటి అంకె ఈ పిచ్‌ని అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతుంది. 5 అంటే 5/8 అంగుళం, అంటే 15.875 మి.మీ. 4 అంటే అర అంగుళం, 12.7 మి.మీ. మిగతా రెండంకెలు లోపలి వెడల్పుకు గుర్తు. 520లో అది 6.35 మి.మీ., 530లో 9.53 మి.మీ. చాలా స్పోర్ట్ క్వాడ్‌లలో ఉండేది 520. మన 150 సీసీ బైకుల్లో తరచూ కనిపించేది 428.

బరువులు లాగే పెద్ద క్వాడ్‌లకు ఎక్కువగా షాఫ్ట్ డ్రైవ్ ఉంటుంది. స్పోర్ట్ క్వాడ్‌కి చైన్ ఎందుకంటే బరువు తక్కువ, ఖర్చు తక్కువ, స్ప్రాకెట్ మారిస్తే గేర్ నిష్పత్తి మారిపోతుంది. అయితే ఈ మూడో సౌకర్యం దగ్గరే చాలా టీమ్‌లు పొరపాటు చేస్తాయి.

పికప్ కోసం ముందు స్ప్రాకెట్‌ని 13 పళ్ల నుంచి 11కి తగ్గించారనుకుందాం. గేర్‌బాక్స్ నుంచి వచ్చే టార్క్ 150 న్యూటన్ మీటర్లు అనుకుంటే, 13 పళ్లతో చైన్ మీద పడే లాగుడు సుమారు 4,500 న్యూటన్లు. 11 పళ్లతో అది 5,300 దాటుతుంది. అంటే దాదాపు 18 శాతం ఎక్కువ. పళ్లు తగ్గితే చైన్ మరింత కోణంలో వంగాలి, కుదుపూ పెరుగుతుంది. గుంతలో ఎగిరి దిగినప్పుడు పడే షాక్ లోడ్ దీనికి అదనం. కేటలాగ్‌లో ఉన్న తెగే బలాన్ని ఈ లెక్కతో పోల్చి, మధ్యలో ఎంత సేఫ్టీ మార్జిన్ వదిలారో చెప్పగలిగితే అదే 'డిజైన్'.

బురదలో, దుమ్ములో తిరిగే బండికి ఓ-రింగ్ చైన్ మేలు. పిన్‌కీ బుష్‌కీ మధ్య గ్రీజు బయటికి పోకుండా, మట్టి లోపలికి రాకుండా చిన్న రబ్బర్ రింగులు కాపాడతాయి. బరువు, రాపిడి కాస్త ఎక్కువే, కానీ ఎక్కువ కాలం మన్నుతుంది.

చైన్ 'సాగదు', అరుగుతుంది

'చైన్ సాగింది, మార్చాలి' అని మెకానిక్ అంటాడు కదా? నిజానికి ప్లేట్లు సాగవు. ప్రతి జాయింట్‌లో పిన్, బుష్ కొద్దికొద్దిగా అరుగుతాయి. ఒక్కో జాయింట్‌కి 0.1 మి.మీ. అరిగినా, 100 లింకుల చైన్ 10 మి.మీ. పొడవు పెరుగుతుంది.

కొలవడం తేలిక. చైన్‌ని బిగుతుగా పట్టి ఒకటో పిన్ మధ్య నుంచి 21వ పిన్ మధ్య వరకు కొలవండి. కొత్త 520కి అది 317.5 మి.మీ. 1 శాతం పెరిగితే 320.7. ఎంత వరకు వాడొచ్చన్నది ఆ బండి మాన్యువల్ చెబుతుంది. అరిగిన చైన్‌తో పాటు స్ప్రాకెట్లూ చూడండి. పళ్లు ఒకవైపు కొక్కెంలా వంగితే మూడూ కలిపే మార్చాలి. పాత స్ప్రాకెట్ మీద వేసిన కొత్త చైన్ త్వరగా పాడవుతుంది.

ఇవి మర్చిపోవద్దు

* పనికి ముందు ఇంజిన్ ఆపండి. తిరుగుతున్న చైన్ దగ్గర గుడ్డ, వేళ్లు పెడితే వేళ్లే పోతాయి.
* ఓ-రింగ్ చైన్‌ని కిరోసిన్, మెత్తని బ్రష్‌తో తుడవండి. పెట్రోల్, వైర్ బ్రష్ వద్దు. ప్రెషర్ వాషర్ నేరుగా కొట్టొద్దు.
* ఆరాక, చైన్ లోపలి వైపు లూబ్ వేసి, మిగిలింది తుడిచేయండి. జిగట గ్రీజు పూస్తే దుమ్ము అంటుకుని సాన రాయిలా అరగదీస్తుంది.
* ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అత్యంత బిగుతుగా ఉంటుంది. ఆ స్థితిలోనూ మాన్యువల్ చెప్పిన లూజు మిగలాలి.
* మాస్టర్ లింక్ క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిశకు ఉండాలి.
* స్ప్రాకెట్ పళ్లకు ఒకవైపే మెరుపు కనిపిస్తే అలైన్‌మెంట్ తప్పినట్టే. సొంతంగా వెల్డింగ్ చేసిన ఫ్రేముల్లో ఇది మామూలే.

క్వాడ్ లేకపోతే?

'నాగిరెడ్డిపేటలో మాకు క్వాడ్ ఎక్కడ దొరుకుతుంది అన్నా?' అంటారేమో. అవసరం లేదు. ఇంటి ముందున్న బైక్ చాలు. దాని చైన్ 428 అయితే 20 పిచ్‌లు కొత్తలో 254 మి.మీ. ఉండాలి. నాన్నగారి బైక్‌కి ఇప్పుడెంత ఉందో టేపు పెట్టి చూడండి. పోచారం ప్రాజెక్టు కింది పొలాల్లోకి వరి కోత మిషన్ వచ్చినప్పుడు ఆపరేటర్‌ని అడిగి, మిషన్ ఆపి ఉండగా చైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గమనించండి. ఎల్లారెడ్డిలో తెలిసిన మెకానిక్ దగ్గర రెండు ఆదివారాలు కూర్చుంటే అరిగిపోయిన స్ప్రాకెట్లు బోలెడు చూస్తారు.

ఈ జ్ఞానం క్వాడ్‌తో ఆగిపోదు. రైస్ మిల్లు ఎలివేటర్, చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్యారియర్, ఫ్యాక్టరీ కన్వేయర్... పిచ్, అరుగుదల, లూజు, లూబ్ సూత్రాలు అన్నిచోట్లా అవే. మెయింటెనెన్స్ ఉద్యోగాల్లో అడిగేవీ అవే. మన పక్కనే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంట్ ఉంది. కోయంబత్తూర్, చెన్నైల్లో చైన్లు తయారుచేసే కంపెనీలే ఉన్నాయి.

ఈ వారం ఒక పని చేయండి. ఒక బండి చైన్ ఎంచుకుని దాని నంబర్, 20 పిచ్‌ల కొలత, అరుగుదల శాతం, స్ప్రాకెట్ పళ్ల లెక్క, మీరు ఇచ్చే సలహా ఒక పేజీలో రాయండి. నెల తర్వాత మళ్లీ కొలిచి పక్కన రాయండి. ఇంటర్వ్యూకి ఆ పేజీ తీసుకెళ్లండి. 'టీమ్‌లో చేశాం' అనే మాట అందరి దగ్గరా ఉంటుంది. 'నేను కొలిచాను, ఇదిగో లెక్క' అనే మాట మీ దగ్గర ఉండాలి.