ఎలక్ట్రానిక్ వేలంలో హమాలీ ఖర్చు ఎవరిది?

2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) ద్వారా వ్యాపారులు ఆన్‌లైన్‌లో ధర కోట్ చేస్తున్నారు. అయితే దిగుమతి, శుభ్రపరచడం, కాటా, సంచుల కుట్టు, ఎగుమతి ఖర్చులను ఎవరు భరించాలన్నది ముఖ్యమైన ప్రశ్న. మార్కెట్ రుసుము వలె వీటినీ కొనుగోలుదారుపై వేస్తే రైతుకు మేలని పలువురు భావిస్తారు. ఇది కొంతవరకే నిజం.

ఉదాహరణకు, క్వింటాలు మిరపకు మొత్తం 15,000 రూపాయలు వెచ్చించదలచిన వ్యాపారికి 100 రూపాయల ఖర్చు తనదేనని ముందే తెలిస్తే, 14,900 రూపాయలే కోట్ చేస్తాడు. ఇతర వ్యాపారులూ ఇదే లెక్క వేస్తారు. కనుక పేరుకు ఖర్చు కొనుగోలుదారుదే అయినా, భారంలో అధిక భాగం రైతుపైనే పడుతుంది.

అందుచేత ఎవరు చెల్లిస్తారన్న దానికంటే ఎప్పుడు, ఏ ప్రాతిపదికన వసూలు చేస్తారన్నది కీలకం. వేలంలో వచ్చిన అత్యధిక ధరను తిరస్కరించే హక్కు రైతుకు ఉంది. కోతలు అమ్మకం తరువాత బయటపడితే ఆ హక్కు నిరర్థకమవుతుంది. అలాగే 40 కిలోల బస్తాను మోసే శ్రమ, సరుకు ధర పెరిగినంత మాత్రాన పెరగదు. కనుక హమాలీని ధరలో శాతంగా కాక బస్తాకు ఇంత అని నిర్ణయించడం సమంజసం.

అమ్మకానికి ముందు పనుల ఖర్చు రైతు, తరువాతి పనుల ఖర్చు కొనుగోలుదారు భరించడం న్యాయం. ఈ రేట్లను వేలానికి ముందే ప్రకటించి, తక్‌పట్టీలో విడివిడిగా చూపాలి. రైతు సోదరులు ధరకు సమ్మతించే ముందు, ఖర్చులు పోను చేతికందే మొత్తాన్ని లెక్కించుకోవాలి.