రెండు సెంట్లు, పిడికెడు బియ్యం

తెలుగునాట ఏ క్రైస్తవ సంఘంలోనైనా స్త్రీలకంటూ ఒక కూటమి దాదాపు తప్పక ఉంటుంది. లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో స్త్రీల సమాజమనీ, దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సి.ఎస్.ఐ.లో, స్త్రీల మైత్రి అనీ దీనిని పిలుస్తారు. ప్రార్థనకు కూడుకోవడం, రోగులను, బాలింతలను పరామర్శించడం, కానుకలు పోగుచేయడం వంటి పనులతో బయటివారికి ఇవి సాదాసీదా కూటములుగానే కనిపించవచ్చు గాని, వీటి పూర్వరంగాన్ని పరిశీలిస్తే గుంటూరు, రాజమండ్రి పట్టణాల్లో స్త్రీల ఆసుపత్రులు వెలసిన కథ, వేల మంది ఆడవాళ్లకు అక్షరం అందిన కథ అందులోనే దొరుకుతాయి. పోగైన సొమ్మును ఎక్కడ వెచ్చించాలో నిర్ణయించవలసింది ఎవరన్న ప్రశ్న కూడా ఆ చరిత్రలో మొదటి నుంచీ ఉంది.

19వ శతాబ్ది మధ్యకాలం దాకా అమెరికాలో మిషన్ బోర్డులు, అంటే మిషనరీలను ఎంపిక చేసి విదేశాలకు పంపి వారి జీతభత్యాలు చూసే సంఘ వ్యవస్థలు, పూర్తిగా పురుషుల చేతుల్లోనే ఉండేవి. పెళ్లికాని స్త్రీని దూరదేశం పంపడానికి అవి సాధారణంగా సుముఖత చూపేవి కావు. 1861లో న్యూయార్క్ నగరంలో సారా డొరీమస్ నాయకత్వాన వివిధ శాఖల స్త్రీలు కలిసి సొంత మిషనరీ సమాజాన్ని స్థాపించారు. అదే ఏడు మొదలై 1865 దాకా సాగిన అంతర్యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం విరాళాలు, బట్టలు, మందులు సమకూర్చిన అనుభవం సంఘ స్త్రీలకు లెక్కలు రాయడం, సభలు నడపడం నేర్పింది. 1869 మార్చిలో బోస్టన్‌లోని ట్రెమాంట్ వీధి మెథడిస్టు చర్చిలో, వాన కురుస్తున్న రోజున, కొద్దిమంది స్త్రీలు కూడి మరొక సమాజానికి పునాది వేశారు. సభ్యురాలు వారానికి రెండు సెంట్లు, ఒక ప్రార్థన ఇవ్వాలన్నది వారి నియమం. సెంటు అంటే డాలరులో నూరో వంతు కనుక, భర్త సంపాదన మీద హక్కులేని గృహిణి సైతం ఇంటి ఖర్చులో మిగిల్చి ఇవ్వగలిగిన మొత్తమది. ఆ చిల్లర నాణేలతోనే వారు ఏడాది తిరగకముందే ఇసబెల్లా థోబర్న్ అనే ఉపాధ్యాయినిని, క్లారా స్వెయిన్ అనే వైద్యురాలిని ఉత్తర భారతానికి పంపారు.

వైద్యురాలినే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. ఘోషా పాటించే కుటుంబాల్లోని స్త్రీలు పరపురుషుని కంట పడకూడదు గనుక, రోగం ఎంత ముదిరినా, కాన్పు ఎంత కష్టమైనా, మగ డాక్టరును లోపలికి రానిచ్చేవారు కారు. ఆడ డాక్టరు లేకపోవడమంటే వారికి వైద్యమే లేకపోవడం. తరువాతి కాలంలో తెలుగు పట్టణాల్లో ఘోషాసుపత్రి అన్న మాట వాడుకలో స్థిరపడడం ఆ అవసరం ఎంత గాఢమైనదో చెబుతుంది.

ఈ చరిత్రలో తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది గుంటూరు ఘట్టం. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ అక్కడ పని ప్రారంభించగా, ఆ శాఖకు చెందిన అమెరికా స్త్రీలు 1879లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో తమ సమాజాన్ని ఏర్పరచుకున్నారు. సరిగ్గా అదే ఏడాది, పెన్సిల్వేనియాలోని స్త్రీల వైద్య కళాశాలలో అన్నా సారా కూగ్లర్ పట్టా పొందారు. క్లారా స్వెయిన్ చదివినదీ, మన దేశపు తొలి వైద్యురాళ్లలో ఒకరైన ఆనందీబాయి జోషి 1886లో పట్టా పుచ్చుకున్నదీ ఆ కళాశాలలోనే. 1883 చివర గుంటూరు చేరిన కూగ్లర్‌ను వైద్య మిషనరీగా గుర్తించడానికి మిషన్ బోర్డు ఇంకా సిద్ధపడలేదు. అందువల్ల ఆమె బడులు చూసుకుంటూ, ఇళ్లలోని స్త్రీలను పరామర్శిస్తూ, తెలుగు నేర్చుకుంటూ, వచ్చిన రోగులకు వైద్యం చేస్తూ గడిపారు. రెండేళ్ల తరువాత గాని ఆ గుర్తింపు రాలేదు. ఆపై స్త్రీల సమాజం చందాలు పోగుచేయగా 1893లో డిస్పెన్సరీ, 1898లో ఆసుపత్రి తెరుచుకున్నాయి. నర్సుల శిక్షణ కూడా అక్కడే మొదలైంది. కులం పట్టింపుతో ఆసుపత్రి భోజనం ముట్టని రోగుల బంధువుల కోసం ఏలూరు రాజా ఒక సత్రం కట్టించి ఇచ్చారు. మిషనరీ పట్ల ఊరి విశ్వాసానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. 1930లో గుంటూరులోనే కన్నుమూసిన ఆమె పేరునే ఆ ఆసుపత్రికి పెట్టారు. స్వీడన్ నుంచి వలసవెళ్లిన లూథరన్ కుటుంబాల స్త్రీలు, ఎమ్మీ ఎవాల్డ్ నాయకత్వాన 1892లో స్థాపించుకున్న ఆగస్తానా సమాజం ద్వారా రాజమండ్రికి ఇటువంటి సేవనే అందించారు.

డాక్టర్ల పేర్లు పుస్తకాల్లో నిలిచాయి. ఊరూరా నడిచిన బైబిల్ స్త్రీల పేర్లు మాత్రం చాలావరకు దక్కలేదు. బైబిల్ స్త్రీ అంటే కొద్దిపాటి శిక్షణతో, కొద్దిపాటి జీతంతో ఇళ్లకు, పల్లెలకు వెళ్లి కథలు చెప్పి, చదువు నేర్పి, రోగులను ఆసుపత్రికి తీసుకొచ్చే స్థానిక ఉద్యోగిని. వీరిలో వితంతువులు, మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఆ పల్లెల్లో ఎందరో ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించింది వీరే. చందాలు రాబట్టడానికి అమెరికా సమాజాలు ప్రచురించిన పత్రికలు భారత స్త్రీని తరచుగా నోరులేని దీనురాలిగా చిత్రించాయి. ఆ చిత్రణ అన్యాయమైనదని, బైబిల్ స్త్రీల పనే అందుకు జవాబని చెప్పక తప్పదు.

చందా ఇచ్చే చేయి కూడా విదేశాలది మాత్రమే కాదు. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య దోర్నకల్ డయొసీసులో, అంటే ఒక బిషప్పు పాలనలోని సంఘాల సముదాయంలో, ఇవ్వడాన్ని విశ్వాసపు ముఖ్య లక్షణంగా బోధించారు. పూట పూటకూ బియ్యం పొయ్యి మీద పెట్టే ముందు పిడికెడు తీసి విడిగా దాచి, ఆరాధన నాడు గుడికి తీసుకురావడం అక్కడి కూలి కుటుంబాల ఆచారమైంది. డబ్బు కళ్లచూడని ఇంట్లో సైతం బియ్యం కొలిచేది ఇల్లాలే గనుక ఈ కానుక ఆమెదే. ఇంగ్లండులో 1876లో మేరీ సమ్నర్ ప్రారంభించిన మదర్స్ యూనియన్, అంటే తల్లుల కూటమి, దోర్నకల్‌లో విస్తరించడానికి బిషప్పు భార్య అంబు మరియమ్మాళ్ ఎంతగానో కృషి చేశారు. మిజోరం సంఘాల్లో ఇదే పిడికెడు బియ్యం ‘బుహ్‌ఫాయ్ థామ్’ పేరుతో నేటికీ సాగుతూ, సంఘ సేవకు పెద్ద ఆదాయ వనరుగా ఉంది.

అమెరికాలో కథ మరో మలుపు తిరిగింది. స్త్రీల సమాజాల రాబడి పెరిగిన కొద్దీ, వేర్వేరు బోర్డులు ఎందుకన్న వాదన సంఘ పెద్దల్లో బయలుదేరింది. 1910లో దక్షిణ మెథడిస్టు సంఘం స్త్రీల బోర్డులను సాధారణ బోర్డులో కలిపివేసినప్పుడు, ఆ తీర్మానం చేసిన మహాసభలో స్త్రీలకు ఓటు లేదు. 1923లో ప్రెస్బిటేరియన్ స్త్రీల బోర్డుకూ ఇదే గతి పట్టింది. కొత్త బోర్డుల్లో వారికి కొన్ని స్థానాలు దక్కాయి గాని, తమ మిషనరీని తామే ఎంచుకుని, తమ ఆసుపత్రిని తామే కట్టుకునే స్వేచ్ఛ పోయింది. పొదుపు కోసం చేశామన్న ఆ మార్పు న్యాయమైనది కాదు.

2013లో నంద్యాల డయొసీసుకు ఇ. పుష్పలలిత బిషప్పు కావడంతో, సి.ఎస్.ఐ.లో ఆ పదవిని పొందిన తొలి మహిళ ఒక తెలుగు స్త్రీ అయ్యారు. ఆ గౌరవం పీఠానికే పరిమితం కాకుండా పల్లె సంఘం దాకా దిగాలి. స్త్రీల సమాజం కూడబెట్టిన కానుక గుడి ప్రహరీకి వెళ్లాలో, నర్సింగు చదివే పేదపిల్ల ఫీజుకు వెళ్లాలో తీర్మానించే ఓటును, జమాఖర్చుల పుస్తకంతో సహా, సంఘ కమిటీలు ఆ సమాజానికే అప్పగించాలి.