రాతికీ ఓ ఇంటిపేరు

నాలుగు తరాల కిందట ఊరు విడిచి వచ్చిన కుటుంబంలో కట్టూబొట్టూ మారతాయి, యాసా మారుతుంది. అయినా ఇంటిపేరు వింటే మూలం ఏ ఊరో పెద్దలు ఊహించగలుగుతారు. గ్రానైటు రాతికీ అలాంటి ఇంటిపేరు ఒకటుంది. అది కంటికి ఆనని రేణువుల్లో దాగి ఉంటుంది.

గ్రానైట్లన్నీ ఒకే తీరున పుట్టలేదు. ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగంలోని లాక్లన్ ప్రాంతపు గ్రానైట్లను 1974లో బ్రూస్ చాపెల్, అలన్ వైట్ అనే శాస్త్రజ్ఞులు రెండు తెగలుగా విడదీశారు. అగ్నిశిలలు కరిగి పుట్టినవి ‘ఐ’ రకం. ఒకప్పటి బురదమట్టి గట్టిపడిన శిలలు కరిగి పుట్టినవి ‘ఎస్’ రకం. సోడియం, పొటాషియం, కాల్షియంలతో పోలిస్తే అల్యూమినా బాగా ఎక్కువగా ఉండటం ఎస్ రకానికి గుర్తు.

చిక్కు ఇక్కడే వచ్చింది. భూగర్భంలోని వేడినీరో, పైనుంచి దిగే వాననీరో తగిలితే గ్రానైటులోని ఫెల్‌స్పార్ బంకమన్నుగా మారుతుంది. సోడియం, కాల్షియం కొట్టుకుపోతాయి, అల్యూమినా మిగులుతుంది. అప్పుడు రాతిని పొడిచేసి పరీక్షిస్తే ఐ రకం కూడా ఎస్ రకంలా కనబడుతుంది! ఇది ఉత్త పేరు గొడవ కాదు. రాగి ఎక్కువగా ఐ రకాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. తగరం చాలాచోట్ల ఎస్ రకం దగ్గర దొరుకుతుంది. పేరు తప్పితే గనుల వేట దారి తప్పుతుంది.

ఇక్కడ ఆదుకునేవి అనుబంధ ఖనిజాలు. రాతిలో బహు స్వల్పంగా ఉండే జిర్కాన్, అపటైట్ వంటివన్నమాట. చాలా రేణువులు మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. లేజరు కిరణంతో ఒక్కో రేణువు మీద వెంట్రుకకన్నా సన్నని గుంట చేసి, అందులోని మూలకాలను కొలుస్తారు. ఎస్ రకపు అపటైట్‌లో సాధారణంగా మాంగనీస్ ఎక్కువ, స్ట్రాన్షియం తక్కువ. జిర్కాన్‌లోనైతే ఆక్సిజన్ చూస్తారు. మట్టి మూలం నుంచి వచ్చినదైతే బరువైన ఆక్సిజన్ పాలు పెరుగుతుంది. ఫెల్‌స్పార్ మన్నైపోయినా జిర్కాన్ చాలావరకు చెక్కుచెదరదు.

అయితే ఈ సాక్షులనూ గుడ్డిగా నమ్మకూడదు. ఆమ్లగుణం గల నీటిలో అపటైట్ కరుగుతుంది. పాత శిలలోని జిర్కాన్ కరగకుండా కొత్త గ్రానైటులోకి రావచ్చు. అది మనుమడి గురించి అడిగితే తాతగారి కథ చెప్పినట్టే. అందుకే ఎన్నో రేణువులను, రెండు మూడు ఖనిజాలను కలిపి చూశాకనే రాతికి పేరు పెడతారు.